మీ ఇల్లు ఏ డిస్ట్రిక్టులో ఉంది?

అందరికీ నమస్కారం. ఎన్నికల మీద మాట్లాడతానంటే ఎవరికి ఓటెయ్యాలో చెబుతానని కొందరు అనుకుని ఉంటారు. నాది మ్యాపుల పని. మనం ఉంటున్న వర్జీనియా రాష్ట్ర శాసనసభకు సంబంధించి మీ ఇల్లు ఏ డిస్ట్రిక్టులో ఉందన్న ఒక్క ప్రశ్న మీదే మాట్లాడతాను. డిస్ట్రిక్ట్ అంటే ఇక్కడ జిల్లా కాదు, మన దగ్గరి అసెంబ్లీ నియోజకవర్గం లాంటిది. దిగువ సభకు 100, సెనేట్‌కు 40 ఉన్నాయి.

2017 నవంబరు ఎన్నికల్లో న్యూపోర్ట్ న్యూస్ నగరంలోని 94వ డిస్ట్రిక్టులో డేవిడ్ యాన్సీ, షెల్లీ సైమండ్స్ పోటీపడ్డారు. రీకౌంటింగ్‌లో సైమండ్స్ ఒక్క ఓటుతో గెలిచారన్నారు. మర్నాడు ముగ్గురు జడ్జీలు ఒక వివాదాస్పద బ్యాలెట్‌ను యాన్సీకి లెక్కగట్టారు. ఇద్దరికీ 11,608 ఓట్లు. 2018 జనవరి 4న రిచ్‌మండ్‌లో ఒక గిన్నెలోంచి చీటీ తీస్తే యాన్సీ పేరొచ్చింది. సభలో ఆయన పార్టీ 51, అవతలి పార్టీ 49 అయ్యాయి. ఈ చీటీ కథ చాలామంది విన్నారు. కొన్ని నెలల తర్వాత వాషింగ్టన్ పోస్ట్ పత్రిక రాసింది మాత్రం అంతగా జనంలోకి వెళ్లలేదు. 94వ డిస్ట్రిక్టులో నివసించే 26 మందికి పోలింగ్ రోజున పక్క డిస్ట్రిక్టు బ్యాలెట్ ఇచ్చారట! వాళ్ల ఓట్లు సరైన చోట పడి ఉంటే చీటీ అవసరం వచ్చేదా అన్నది ఎవరూ చెప్పలేరు.

అదే రోజు ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర 28వ డిస్ట్రిక్టులో ఇంకా పెద్ద చిక్కు వచ్చింది. బాబ్ థామస్ 73 ఓట్ల తేడాతో జాషువా కోల్ మీద గెలిచారు. తప్పు బ్యాలెట్ అందుకున్నవాళ్లు 147 మంది అని తేలింది, అంటే మెజారిటీకి రెట్టింపు. కోల్ వర్గం ఫెడరల్ కోర్టుకు వెళ్లింది. జడ్జి జోక్యం చేసుకోలేదు, థామస్ ప్రమాణం చేశారు. మళ్లీ ఎన్నిక పెట్టడం తప్ప చేయగలిగింది కూడా ఏమీ లేదు. మనది రహస్య బ్యాలెట్. తప్పుగా వేయించిన ఓటు పెట్టెలో పడ్డాక అది ఎవరిదో, ఎవరికి పడిందో విడదీసి చూడలేం. అందుకే ఈ తప్పును ఎన్నికకు ముందే పట్టుకోవాలి.

సరే, ఈ తప్పు ఎక్కడ పుడుతుంది? సరిహద్దు గీత అస్పష్టంగా ఉండటం వల్ల అనుకుంటాం. చాలాసార్లు గీత స్పష్టంగానే ఉంటుంది. డిస్ట్రిక్టును నిర్ణయించే చట్టంలో గానీ కోర్టు ఉత్తర్వులో గానీ అసలు లెక్క జాబితాది: ఫలానా కౌంటీ (మన జిల్లా లాంటిది) మొత్తం, ఫలానా ప్రిసింక్ట్ (ఒక పోలింగ్ కేంద్రం కిందికి వచ్చే ప్రాంతం), అందులో ఫలానా నంబర్ల జనగణన బ్లాకులు. బ్లాక్ అంటే రోడ్డో, వాగో, రైలు పట్టాలో చుట్టూ హద్దుగా ఉన్న చిన్న ముక్క. 2020 జనగణనలో దేశమంతా అలాంటివి 80 లక్షల పైచిలుకు ఉన్నాయి. చట్టం బ్లాకుల భాషలో మాట్లాడుతుంది. ఓటరు జాబితా చూసుకునే రిజిస్ట్రార్ ఆఫీసు మాత్రం వీధుల భాషలో పనిచేస్తుంది: ఈ వీధి, 100 నుంచి 198 వరకు సరి సంఖ్యలు, ఈ ప్రిసింక్ట్, ఈ డిస్ట్రిక్ట్. చట్టంలోని బ్లాకులను ఈ వీధుల జాబితాలోకి ఎవరో ఒకరు కూర్చుని ఎక్కించాలి. తప్పు దొర్లేది అక్కడ.

వీధి వాగు దాటి అవతల కూడా సాగుతుంది, జాబితాలో మాత్రం మొత్తం ఒకే వరుస. ఒకే పేరుతో కోర్ట్ ఒకటి, లేన్ ఒకటి, టెర్రస్ ఒకటి ఉంటాయి (ఈ బిల్డర్లకు పేర్లు దొరకవో ఏమో). మనవాళ్లు ఎక్కువగా ఉండే లౌడన్ కౌంటీలాంటి చోట్ల కాలనీలు కొత్తవి. జాబితా తయారైనప్పుడు ఆ వీధి పుట్టి కూడా ఉండదు.

కంప్యూటర్‌కి ఇస్తే సరిపోతుంది కదా అని మనవాళ్లలో సాఫ్ట్‌వేర్ వాళ్లు వెంటనే అడుగుతారు. కొంతవరకే. ఇంటి నంబరు 150 అంటే, 100కీ 200కీ మధ్యన వీధిలో సగం దూరంలో ఒక చుక్క పెట్టేసే ప్రోగ్రాములు ఉన్నాయి. అసలు ఇల్లు మూల మీద ఉండొచ్చు. కాబట్టి కౌంటీ దగ్గరున్న ప్లాట్ల రికార్డు తీసుకుని, ఇంటి కప్పు మీద చుక్క పెట్టి, అది ఏ బ్లాకులో పడిందో చూడాలి. అలా చూసినా జనగణన శాఖ గీసిన రోడ్డుకూ, కౌంటీ కొలిచిన రోడ్డుకూ కొన్ని అడుగుల తేడా వస్తుంది. రెండు గీతల మధ్య సన్నటి చీలికలు మిగులుతాయి. అందులో ఇల్లు పడితే స్క్రీన్ మీది రంగును నమ్మకండి. చట్టం రోడ్డునే హద్దుగా తీసుకుంది కాబట్టి ఆ ఇల్లు రోడ్డుకు ఏ పక్కన ఉందో చూస్తే చాలు. నా లెక్కన ఈ పనిలో మ్యాపు కన్నా చట్టం పాఠానిదే పైచేయి.

గీతే అనుమానంగా ఉన్న సందర్భాలూ లేకపోలేదు. ఉత్తర, దక్షిణ కరోలినాల మధ్య పాత సరిహద్దు గుర్తులు చెరిగిపోతే మళ్లీ సర్వే చేశారు. 2017 జనవరి 1 నుంచి 19 ఇళ్లు రాష్ట్రమే మారిపోయాయి. ఇల్లు కదల్లేదు, శాసనసభ మారింది. మన దగ్గర ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లిన పోలవరం ముంపు మండలాల వాళ్లకు ఇది కొత్త కాదు. 2014 ఏప్రిల్‌లో వాళ్లు ఓటేసిన ఎమ్మెల్యేలు తెలంగాణ సభలో కూర్చున్నారు, వాళ్ల ఊళ్లు ఆంధ్రలో కలిశాయి. 2019లోగానీ రంపచోడవరం, పోలవరం స్థానాలకు ఓటేయలేదు.

వర్జీనియాలో 2017 తర్వాత కొంత మేలు జరిగింది. రాష్ట్ర ఎన్నికల శాఖ ఓటర్ల చిరునామాలను మ్యాపులతో సరిచూసింది. ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప ఒక ప్రిసింక్టును రెండు డిస్ట్రిక్టులకు చీల్చకూడదని చట్టం వచ్చింది. అయితే 2021 డిసెంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు కొత్త మ్యాపులు ఖాయం చేయడంతో డిస్ట్రిక్టుల నంబర్లన్నీ మారాయి, ఎక్కింపు పని మళ్లీ మొదటికొచ్చింది.

ఇంటికి వెళ్లాక ఎన్నికల శాఖ సైట్‌లో మీ పేరు మీద ఏ డిస్ట్రిక్ట్ చూపిస్తోందో చూడండి. మ్యాపులో మీ ఇంటిమీద జూమ్ చేసి రెండూ కలుస్తున్నాయో లేదో సరిచూడండి. కలవకపోతే ప్లాట్ నంబరు జతచేసి కౌంటీ రిజిస్ట్రార్‌కు రాయండి. నవంబరు ఎన్నికకు ముందస్తు ఓటింగ్ 45 రోజుల ముందే మొదలవుతుంది, కాబట్టి ఆగస్టులోనే ఈ పని చేసేయండి.