ఆర్మీలో లైంగిక దాడి జరిగితే తిరుపతి నుంచే ఏం చేయొచ్చు?

నమస్కారం. మన చిత్తూరు, తిరుపతి వైపు అమ్మాయిలు కూడా ఇప్పుడు అగ్నివీర్‌కి ప్రాక్టీస్ చేస్తున్నారు. మిలటరీ నర్సింగ్‌లో ముందునుంచీ ఉన్నారు. చేరేటప్పుడు జీతం, లీవు, క్యాంటీన్ కార్డు అన్నీ మాట్లాడుకుంటాం. యూనిట్‌లో ఎవడైనా లైంగిక దాడి చేస్తే ఎవరిని కలవాలో మాత్రం ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఈ వీడియో దాని గురించే. చూడటం కష్టంగా ఉంటే మధ్యలో ఆపేయండి, తర్వాత చూడొచ్చు.

పోస్టింగ్ ఉత్తరాదిలో, దాడి అక్కడే జరిగిందనుకుందాం. ఆ అమ్మాయి ఎవరికీ చెప్పకుండా లీవు పెట్టి రేణిగుంటలో రైలు దిగింది. ఇప్పుడు ఎక్కడికి వెళ్లాలి?

ముందు ఆసుపత్రికి. తిరుపతిలోని ప్రభుత్వ ఆసుపత్రి రుయా అయినా, చిత్తూరు జిల్లా ఆసుపత్రి అయినా, ప్రైవేటు అయినా వెంటనే ఉచితంగా వైద్యం చేయాల్సిందే. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 397వ సెక్షన్ అదే చెబుతుంది. "ఎఫ్‌ఐఆర్ తెచ్చావా?" అని వెనక్కి పంపకూడదు. హెచ్‌ఐవీ రాకుండా వాడే మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, కాబట్టి రేపు చూద్దాంలే అనుకోవద్దు. ఆసుపత్రివాళ్లు పోలీసులకు కబురు పెడతారు, అది వాళ్ల డ్యూటీ. దానికి టెన్షన్ పడకండి. కేసు వద్దనుకుంటే ఆ మాటే రాసివ్వొచ్చు, వైద్యం మాత్రం ఆగదు.

పరీక్ష మీరు ఒప్పుకుంటేనే చేయాలి. కొంతవరకు సరే, ఇది వద్దు అని కూడా చెప్పొచ్చు. గతంలో లైంగిక అనుభవం ఉందా అని చూసే "రెండు వేళ్ల పరీక్ష" చేయకూడదని సుప్రీంకోర్టు 2013లో ఒకసారి, 2022లో మరోసారి గట్టిగా చెప్పింది. ఆ రోజు వేసుకున్న బట్టలు ఉతక్కండి. ప్లాస్టిక్ కవర్లో చెమ్మ పట్టి పాడవుతాయి, తడి ఉంటే నీడలో ఆరనిచ్చి పేపర్ కవర్లో పెట్టండి. స్నానం చేసేసినా, రోజులు గడిచిపోయినా వెళ్లండి.

(స్క్రీన్ మీద: 112 – అత్యవసరం, 181 – మహిళా హెల్ప్‌లైన్, 15100 – ఉచిత న్యాయ సహాయం)

ఇక పోలీసులు. "అది ఆర్మీ మేటరమ్మా, అక్కడే తేల్చుకో" అని స్టేషన్‌లో అనొచ్చు. ఆ మాట వినొద్దు. నేరం ఎక్కడ జరిగినా తిరుపతి స్టేషన్‌లోనే జీరో ఎఫ్‌ఐఆర్ రాయాలి, అదే సంహితలో 173వ సెక్షన్. తర్వాత అక్కడి స్టేషన్‌కు పంపేది వీళ్లే. మీ మాట మహిళా అధికారే రాసుకోవాలి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఇలాంటి ఫిర్యాదు రాసుకోని పోలీసుకు 6 నెలల నుంచి 2 ఏళ్ల దాకా జైలు పడొచ్చు.

విచారణ ఎక్కడ జరుగుతుందనేది వేరే సంగతి. బాధితురాలు సైన్యంలో లేని మహిళ అయితే అత్యాచారం కేసు మామూలు కోర్టుకే వెళ్తుంది. యుద్ధ విధుల్లో ఉన్నప్పుడో, విదేశంలోనో, కేంద్రం పేర్కొన్న సరిహద్దు పోస్టులోనో జరిగితేనే కోర్టు మార్షల్, అంటే సైన్యం సొంత కోర్టులో విచారణ, చేయొచ్చు. ఆర్మీ యాక్ట్ 1950లోని 70వ సెక్షన్ ఇది. ఇద్దరూ సైన్యంలోనే ఉంటే కోర్టు మార్షల్ అయినా కావొచ్చు, మామూలు కోర్టు అయినా కావొచ్చు. మగ జవాన్లకూ ఇలా జరుగుతుంది. అత్యాచారం సెక్షన్ మహిళలకే పరిమితం కాబట్టి, వాళ్ల విషయంలో ఆర్మీ యాక్ట్ 46వ సెక్షన్ పనికొస్తుంది, శిక్ష 7 ఏళ్ల వరకు.

పనిచేసే చోట లైంగిక వేధింపులపై వచ్చిన 2013 చట్టం కింద సైన్యంలోనూ అంతర్గత కమిటీ ఉంటుంది. జరిగిన 3 నెలల్లోపు దానికి ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వాలి, తగిన కారణం ఉంటే ఇంకో 3 నెలలు పొడిగిస్తారు. చాలామందికి తెలియనిది ఒకటుంది. విచారణ నడుస్తున్నప్పుడు బదిలీ, 3 నెలల దాకా లీవు అడగొచ్చు. ఫిర్యాదు పై అధికారి మీదైతే, ఆయన మీ ఏసీఆర్ (ఏటా పనితీరు మీద రాసే రహస్య నివేదిక) రాయకుండా ఆపమని కూడా అడగొచ్చు. ఏసీఆర్‌లో రెండు మాటలు తేడాగా పడితే ప్రమోషన్ ఏమవుతుందో సర్వీసులో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. ఇవన్నీ అర్జీలోనే రాయండి, నోటితో చెబితే గాలికి పోతుంది. కమిటీకి ఇచ్చినంత మాత్రాన పోలీసు కేసు పెట్టినట్టు కాదు. రెండూ కలిపి నడపొచ్చు.

యూట్యూబ్‌లో అమెరికా సైన్యం వీడియోలు చూసి కొందరు పొరబడుతున్నారు. అక్కడ 2005 నుంచి రహస్య రిపోర్టు అని ఒక పద్ధతి ఉంది. కమాండర్‌కు పేరు తెలియకుండా, దర్యాప్తు మొదలవకుండానే వైద్యం, కౌన్సెలింగ్ దొరుకుతాయి. మన సైన్యంలో అలాంటి పద్ధతి లేదు. యూనిట్‌లో ఎవరికైనా చెప్పే ముందు ఇది గుర్తుపెట్టుకోండి. ఏం చేయాలో తేల్చుకోలేకపోతే ముందు లాయరుతో మాట్లాడండి. క్లయింటు చెప్పింది ఆయన బయటపెట్టకూడదు. ఆడవాళ్లకు ఎంత ఆదాయం ఉన్నా న్యాయ సేవాధికార సంస్థ లాయరును ఉచితంగానే ఇస్తుంది. దగ్గర్లోని సఖి కేంద్రం (బాధిత మహిళలకు సాయం చేసే ప్రభుత్వ కేంద్రం) ఎక్కడుందో 181కి చేస్తే చెబుతారు. తోడు అక్కో, వదినో ఉంటే మంచిది.

అమ్మానాన్నలూ, ఆవేశంలో మీరే కమాండింగ్ ఆఫీసర్‌కు ఫోన్ చేయకండి. చెప్పాలా వద్దా అన్నది అమ్మాయి ఇష్టం. "పరువు" అంటూ మొదలుపెట్టొద్దు కూడా. ఊరి వాట్సాప్ గ్రూపులో ఎవరైనా పేరో, ఫోటోనో పెడితే స్క్రీన్‌షాట్ తీసి పోలీసులకు ఇవ్వండి. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద పెట్టినవాళ్లకు 2 ఏళ్ల దాకా జైలు, జరిమానా.