తోట అంటే ఖాళీ స్థలం కాదు

అందరికీ నమస్కారం. మన పాత ఎస్టేట్‌ను, అందులోని బంగళానీ తోటనీ కూల్చే ప్లాన్‌కి అభ్యంతరం చెప్పడానికి ఇంతమంది వచ్చారు, అదే పెద్ద ధైర్యం నాకు. ఇవాళ బంగళా కన్నా తోట గురించే ఎక్కువ మాట్లాడతా, ఎందుకంటే పాత ఎస్టేట్ కూల్చాలనుకున్నప్పుడు ముందు పోయేది తోటే, బంగళా గోడ మీద దెబ్బ పడితే పదిమంది అడ్డం పడతారు, చెట్లు కొడుతుంటే మాత్రం ఏదో శుభ్రం చేస్తున్నార్లే అనుకుంటారు. ప్లాన్‌లో కూడా ఖాళీ స్థలం అని చూపించేస్తారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

1982లో ఐకోమోస్ వాళ్లు, అంటే చారిత్రక కట్టడాల్ని కాపాడే అంతర్జాతీయ సంస్థ, చారిత్రక తోటల కోసమే ఫ్లోరెన్స్ చార్టర్ అని ఒక మార్గదర్శక పత్రం తెచ్చారు. తోట కూడా స్మారకమే, కాకపోతే ప్రాణం ఉన్న స్మారకం అంటుంది అది. అంటే బాటలు, నీటి కాలవలు, నేల ఎత్తుపల్లాలు, ఏ చెట్టు పక్కన ఏ చెట్టు పెట్టారు, ఇవన్నీ లెక్కలోకే వస్తాయి. చెట్లు పోయినా ఆనవాళ్లు ఉంటాయండీ, మంచి ఎండల్లో చూడండి, కింద పాత రాతిబాట ఉన్నచోట గడ్డి ముందే మాడిపోయి దారి మొత్తం బయటపడుతుంది.

ఇంగ్లండ్‌లో హెలిగన్ తోటలు ఉన్నాయి. 1914లో యుద్ధం వచ్చి తోటమాలులు వెళ్లిపోయారు, చాలామంది తిరిగి రాలేదు, ఆ తర్వాత దశాబ్దాలు ముళ్లపొదలే. 1990లో మళ్లీ బాగుచేయడం మొదలుపెడితే ఒక చిన్న గది గోడ మీద ఆ తోటమాలులు పెన్సిల్‌తో రాసుకున్న పేర్లు కనిపించాయి, 1914 ఆగస్టు అని కూడా ఉంది. పాడుపడింది కదా అని మధ్యలో ఎవరైనా బుల్డోజర్ పెట్టి ఉంటే ఆ పేర్లు ఎక్కడివి?

గవర్నమెంటే కూల్చుతానంటే మనమేం చేస్తాం అంటున్నారు కొందరు. హైదరాబాద్‌లో ఇర్రం మంజిల్ అనే పాత ప్యాలెస్‌ని గుర్తు చేసుకోండి. 2019 జూన్‌లో దాన్ని కూల్చి అక్కడ కొత్త అసెంబ్లీ కడతామని కేబినెట్ నిర్ణయించి శంకుస్థాపన కూడా అయిపోయింది, జనం హైకోర్టుకు వెళ్లారు, సెప్టెంబర్‌లో కోర్టు ఆ నిర్ణయాన్నే కొట్టేసింది. అది హెరిటేజ్ కట్టడమని చూపించే కాగితాలు ఉన్నాయి కాబట్టే వాదన నిలబడింది.

మనకీ కాగితాలే కావాలి. ప్రతి పెద్ద చెట్టుకీ నంబర్ వేసి, ఛాతీ ఎత్తులో చుట్టుకొలత తీసి మ్యాప్ మీద పెట్టాలి, బావులు, కాలవలు, రాతి అంచులు అన్నీ ఫోటోలు తీయాలి, తేదీ తప్పనిసరి. పాత సర్వే మ్యాపులు, ఇంట్లో పెళ్లి ఫోటోల వెనకాల తోట పడినా సరే తీసుకురండి, అవి కూడా సాక్ష్యమే. అభ్యంతరాల గడువు లోపే ఇదంతా ఫైల్‌లోకి వెళ్లాలి. టేపు పట్టుకునేవాళ్లు ఎవరెవరో ఇప్పుడే చెప్పండి, రాసుకుంటాను.