బ్రెజిల్ యుద్ధవిద్యల గురువులు ఏ పనులు చేసి బతికారు?

(తెరపై: సాల్వడార్ రేవు పాత ఛాయాచిత్రం)

ఇల్లు కట్టే మేస్త్రిని మనం పిలిచే మాట పోర్చుగీసు నుంచి తెలుగులోకి వచ్చింది. బ్రెజిల్‌లో నృత్యంలా సాగే యుద్ధవిద్య కపోయిరాను నేర్పే గురువును కూడా అదే మాటతో ‘మెస్త్రి’ అంటారు. ఆ పేరుతో ప్రసిద్ధులైన తొలితరం వారిలో పలువురు కాయకష్టం మీద బతికినవారే కనుక, అది వారికి తగిన పిలుపని నాకు అనిపిస్తుంది.

మెస్త్రి బింబా, అంటే మానుయెల్ దస్ రెయిస్ మషాదు, బ్రెజిల్‌లోని బయియా రాష్ట్ర రాజధాని సాల్వడార్ రేవులో బరువులు మోశాడు, వడ్రంగం చేశాడు. 1890 నాటి శిక్షాస్మృతి కపోయిరాను నేరంగా ప్రకటించి ఉండగా, ఆఫ్రికా నుంచి వచ్చిన ఒక పెద్ద వద్ద ఆ విద్యను నేర్చుకున్నాడు. 1932లో సొంత పాఠశాల తెరిచాడు. 1937లో దానికి ప్రభుత్వ గుర్తింపు లభించింది. తన దగ్గరకు వచ్చేవారు చదువుతున్నట్లో, పని చేస్తున్నట్లో రుజువు చూపాలని ఆయన పట్టుబట్టేవాడు. కపోయిరా ఆడేవారంటే పనిలేని దొమ్మీగాళ్లనే ముద్ర చెరిగితే తప్ప విద్య నిలవదని, ఆ ముద్రను స్వయంగా మోసిన మనిషికి బాగా తెలుసు.

మెస్త్రి పస్తీన్యా తండ్రి స్పెయిన్ వాడు, తల్లి బయియా నల్లజాతి స్త్రీ. చిన్నప్పుడు తనకన్నా పెద్దవాడైన ఒక కుర్రాడు తరచూ కొడుతుంటే, అది కిటికీలోంచి చూసిన బెనెదీతు అనే ఆఫ్రికన్ వృద్ధుడు తనను పిలిచి విద్య నేర్పాడని పస్తీన్యాయే చెప్పేవాడు. 1966లో సెనెగల్‌లోని డాకర్‌లో జరిగిన నల్లజాతి కళల ఉత్సవానికి వెళ్లి వచ్చిన ఆ గురువు, చివరకు శిక్షణశాలను పోగొట్టుకుని, చూపు కోల్పోయి, 1981లో పేదరికంలో మరణించాడు. ఇది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

(తెరపై: బెలెం, రియో నగరాలు గుర్తించిన పటం)

పట్లతో ప్రత్యర్థిని లొంగదీసే బ్రెజిల్ జుజుత్సు కథ వేరు. అది జూడో నుంచి పుట్టింది. జపాన్‌లోని జూడో పాఠశాల కొడొకాన్‌లో ఆ విద్య నేర్చిన మిత్సుయొ మయెదా 1914లో బ్రెజిల్ చేరి, తరువాత బెలెంలో స్థిరపడ్డాడు. ఆయన వద్ద నేర్చిన కార్లోస్ గ్రేసీ, స్కాట్లాండ్ మూలాలున్న కుటుంబంలోని వాడు. కార్లోస్, అతని తమ్ముడు ఎలియో రియోలో పెంచిన శిక్షణశాలకు స్తోమత ఉన్నవారు ఎక్కువగా వచ్చేవారు.

మయెదా మరో శిష్యుడు లూయిస్ ఫ్రాన్సా. ఆయన దగ్గర నేర్చుకున్న ఒస్వాల్దు ఫద్దా నౌకాదళ సైనికుడు. అతడు రియో శివారు బెంతు రిబెయిరులో, రుసుము కట్టలేని కుర్రాళ్లకు ఉచితంగా నేర్పాడు. 1950ల నడుమ గ్రేసీ శిక్షణశాలకు సవాలు విసిరినప్పుడు, కాలిమడమ పట్లలో ఆరితేరిన అతని శిష్యులు ఎక్కువ పోటీలు గెలిచారు. అయినా ప్రపంచం గ్రేసీ పేరునే గుర్తుంచుకుంది.

1995లో ఫద్దా పరంపరకు చెందిన వెండెల్ అలెగ్జాండర్, గ్రేసీ పరంపరకు చెందిన ఆంద్రె పెదెర్నెయిరాస్‌తో కలిసి రియోలో ‘నోవా ఉనియావ్’ జట్టును స్థాపించాడు. అమెజాన్ అడవుల నడుమ మనావుస్‌లో పుట్టి, తరువాత మిశ్రమ యుద్ధవిద్యల (ఎంఎంఏ) పోటీల్లో ప్రపంచ విజేత అయిన జోసె అల్దో తయారైంది అక్కడే.