వేలిముద్రా, పాస్‌కోడా? బేల్దారి చేతులతో టెస్ట్ చేసినాం

అందరికీ నమస్కారం. ఈ రోజు ఫోన్ రివ్యూ కాదు, ఫోన్ తాళం రివ్యూ. వేలిముద్ర పెట్టుకోవాలనా, పాస్‌కోడ్ పెట్టుకోవాలనా అని మన కర్నూలోళ్లే చానామంది అడుగుతాండారు. అసలు రెండిట్లో ఒకటి ఎంచుకునే పనే లేదప్పా. పిన్నో, ప్యాటర్నో, పాస్‌కోడో పెట్టందే ఫోన్ మీ వేలు తీసుకోదు. అసలు తాళం పాస్‌కోడే. వేలు దానికి అడ్డదోవ, అంతే.

నమ్మకం లేకుంటే ఇప్పుడే ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేయండి. వేలు ఎంత అదిమినా తెరుచుకోదు, పాస్‌కోడే అడుగుతుంది. లోపలి డేటా అంతా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే ఎవరూ చదవలేని రహస్య రాతగా మారి ఉంటుంది. దాన్ని విప్పాలంటే మీరు కొట్టే అంకెలు కావాల్సిందే. ఐఫోన్‌ని 48 గంటలు తెరవకుండా వదిలేసినా ఇదే కథ. ఆండ్రాయిడ్ అయితే రోజూ వాడుతున్నా 72 గంటలకొకసారి అడుగుతుంది.

లెక్కకొస్తే, నాలుగంకెల పిన్‌కి 10,000 రకాలు, ఆరంకెలైతే 10,00,000. 2013లో ఐఫోన్ 5ఎస్‌తో వచ్చిన టచ్ ఐడీకి, అంటే ఐఫోన్ వేలిముద్ర తాళానికి, ఆపిల్ చెప్పే లెక్క, వేరేవాళ్ల వేలు పొరపాటున కలిసే అవకాశం 50,000లో ఒకటి. అంటే నాలుగంకెల పిన్ కంటే వేలే గట్టి. పైగా మనోళ్లు పెట్టే పిన్ ఏందో తెలుసు గదా, 1234. లేకుంటే పుట్టిన సంవత్సరం!

ఇప్పుడు అసలు టెస్ట్. మా వీధిలో బేల్దారి పని చేసే మామని పిలిపించినా. కెమెరా దగ్గరికి తెస్తా, ఈ బొటనవేలు చూడండి. గీతలు అరిగిపోయి నున్నగా ఉంది, అంచుల్లో సిమెంటు తిన్న తెల్లటి పగుళ్లు. రేషన్ స్టోర్లో వేలు పడక తిప్పలు పడే చేతులివి. పక్క బటన్లో సెన్సర్ ఉన్న ఫోన్ ఇస్తే పొద్దున పనికి పోకముందు తెరుచుకుంది. సాయంత్రం పని దిగినాక చేతులు కడుక్కొని పెట్టినా ఊఁహూఁ, గుర్రుమని వణికి ఊరుకుంది.

స్క్రీన్ కింద సెన్సర్లలో రెండు రకాలుంటాయి. ఆప్టికల్ది స్క్రీన్ వెలుతురుతో వేలిని ఫోటో తీస్తుంది. మన ఎండలో, మందపాటి గార్డు వేసుంటే సతాయిస్తుంది. అల్ట్రాసోనిక్ది శబ్ద తరంగాలతో గీతల ఎత్తుపల్లాలు చదువుతుంది, తడి వేలైనా బాగా పడుతుంది. అదీ తిరుగులేనిదేం కాదులే. 2019లో గెలాక్సీ ఎస్10కి కొన్ని సిలికాన్ కవర్లు వేస్తే ఎవరి వేలు పెట్టినా తెరుచుకుంది, శామ్‌సంగ్ అప్‌డేట్ ఇచ్చి సరిచేయాల్సొచ్చింది.

మామకి చివరికి పనికొచ్చింది ఎడమచేతి ఉంగరం వేలు. తాపీ పట్టేటప్పుడు గానీ ఇటుక పట్టేటప్పుడు గానీ దాని మీద భారం తక్కువ. సాయంత్రం, పని అయినాకే రిజిస్టర్ చేసినాం. బొటనవేలిని కూడా రెండుసార్లు, వేరే వేరే వేళ్ల మాదిరి ఎక్కించినాం.

మామకున్న భయం ఇంకొకటి. "ఫోన్‌కి వేలిస్తే ఆధార్‌తో బ్యాంకులో దుడ్లు లాగేస్తారు కదప్పా?" లేదు మామా. ఫోన్ మీ వేలి బొమ్మ దాచుకోదు. దాని గుర్తుల లెక్క మాత్రం చిప్‌లో వేరే అరలో పెట్టుకుంటుంది. ఆధార్‌తో దానికి సంబంధమే లేదు. ఆధార్ మోసాలకి దొంగలు కాగితాల మీది వేలిముద్రల నుంచి నకళ్లు తీస్తారు. అది ఆపాలంటే ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ వేసుకోండి. రేషన్‌కి పోయే ముందు తీయాలి మళ్లీ.

వేలు నిజంగా గెలిచేది బస్టాండులో. జనం మధ్య పిన్ కొడితే పక్కోడు చూస్తాడు. చూసి ఫోన్ కొట్టేసినాడంటే, ఆ పిన్‌తో వాడి వేలే ఎక్కించుకుంటాడు. ఓడిపోయేది ఇంట్లో. నాయన నిద్రపోతే పిల్లోడు మెల్లగా వేలు పట్టి గేమ్ ఆడుకుంటాడు. ఆండ్రాయిడ్‌లో పవర్ మెనూలో లాక్‌డౌన్ అని ఉంటే నొక్కి పడుకోండి, మళ్లీ పిన్ కొట్టేదాకా వేలు పనిచేయదు. కొన్ని ఫోన్లలో దాన్ని ముందు సెట్టింగ్స్‌లో ఆన్ చేసుకోవాలి.

నా మాట: ఆరంకెల పిన్, దాని మీద వేలు. సెన్సర్ కోసమని ఎక్కువ దుడ్లు పెట్టొద్దు. రాయి పని, సేద్యం చేసే చేతులైతే మాత్రం కొనేముందు అంగట్లో డెమో ఫోన్లో మీ వేలు ఎక్కించి చూడండి. చూసినాక డిలీట్ చేసి రండి సామీ!