ఆజీ ఆజ్‌బోర్న్ తొలి సోలో ఆల్బమ్: గొంతుకు తగ్గ పాట

సభకు నమస్కారం.

మద్యం, మాదకద్రవ్యాల వల్ల ఆజీ ఆజ్‌బోర్న్ ఇక పనికి అక్కరకు రాడని తీర్మానించి, 1979 ఏప్రిల్‌లో బ్రిటిష్ హెవీ మెటల్ బృందం బ్లాక్ సబాత్ తన గాయకుడైన అతన్ని బయటికి పంపింది. ఏడాది తిరిగేసరికి ఆ బృందం రానీ జేమ్స్ డియో గొంతుతో 'హెవెన్ అండ్ హెల్' తెచ్చి మళ్లీ నిలదొక్కుకుంది. ఆజీ తొలి సోలో ఆల్బమ్ 'బ్లిజర్డ్ ఆఫ్ ఆజ్' 1980 సెప్టెంబరులో బ్రిటన్‌లో విడుదలైంది. దాన్ని పడిలేచిన ఒంటరి వీరుడి గాథగా చెప్పుకోవడం రివాజు. ఆ గొంతుకు ఏ పాట నప్పుతుందో ఎరిగిన సహచరులకే ఆ ఘనతలో పెద్ద వాటా దక్కాలన్నది నా వాదన.

సబాత్‌లో టోనీ అయోమీ గిటార్‌దే పెత్తనం. 'ఐరన్ మ్యాన్' వినండి: గిటార్ వాయించే వరసనే గాయకుడూ పట్టుకుని నడుస్తాడు. కొత్త ఆల్బమ్‌లోని 'క్రేజీ ట్రెయిన్'లో ఆ పొందిక పూర్తిగా మారింది. ర్యాండీ రోడ్స్ గిటార్ 'ఎఫ్ షార్ప్ మైనర్' అనే చీకటి ఛాయ గల స్వరశ్రేణిలో దూకుడుగా మొదలవుతుంది గానీ, ఆజీ చరణం అందుకునే సరికి పాట 'ఏ మేజర్' అనే ఉల్లాస ఛాయ గల శ్రేణికి మళ్లి, అవే స్వరాల మధ్య ఒక్కసారిగా వెలుతురు పరుచుకుంటుంది. అడుగున బేస్ గిటార్ 'ఏ' అనే ఒక్క స్వరాన్నే పట్టుకుని ఉండటంతో, విస్తృతి తక్కువైనా కోసుకుపోయే ఆజీ గొంతు ఎక్కడా నలిగిపోకుండా పైన తేలుతుంది. ఇక పాట మధ్య గిటార్ ముందుకొచ్చే సోలో భాగం దగ్గర, రోడ్స్ ఒకే వరసను మూడుసార్లు విడివిడిగా వాయించి ఒకదానిపై ఒకటి పేర్చాడు. అంత వేగంలోనూ మూడూ దాదాపు అక్షరం పొల్లుపోకుండా కలుస్తాయి. ఇరవైమూడేళ్ల కుర్రాడి చేతిలో ఆ నిబ్బరం నన్ను నేటికీ విస్మయపరుస్తుంది.

రోడ్స్ తల్లి సంగీత పాఠశాల నడిపేవారు. 'డీ' అనే చిన్న క్లాసికల్ గిటార్ రచన ఆమెకు అంకితం. రెయిన్‌బో అనే రాక్ బృందం నుంచి వచ్చిన బాబ్ డైస్లీ బేస్ వాయించడమే కాక సాహిత్యంలో అధిక భాగం రాశాడు. డ్రమ్స్ యురయా హీప్ అనే మరో రాక్ బృందంలో పేరు తెచ్చుకున్న లీ కెర్‌స్లేక్‌వి. 'మిస్టర్ క్రౌలీ' ఆరంభంలో గుడి గంభీరతను తెచ్చే కీబోర్డు డాన్ ఎయిరీది. సబాత్‌కు వీడ్కోలుగా ఆజీ భావించిన 'గుడ్‌బై టు రొమాన్స్' కూడా అతను కూనిరాగం తీసిన వరసకు రోడ్స్ స్వరసంగతులు కూర్చగా రూపుదిద్దుకున్నదే.

రోడ్స్ 1982 మార్చి 19న ఫ్లోరిడాలో విమాన ప్రమాదంలో మరణించాడు. డైస్లీ, కెర్‌స్లేక్‌లతో రాయల్టీల వివాదం కోర్టుకెక్కాక, 2002 పునర్ముద్రణలో వారి వాద్యాన్ని తొలగించి, రాబర్ట్ ట్రుహీయో, మైక్ బోర్డిన్‌ల చేత మళ్లీ వాయించిన భాగాలను చేర్చారు. పాటను పుట్టించిన చేతులను ఆ పాట నుంచే చెరిపివేయడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. 2011 ముద్రణలో అసలు వాద్యాన్ని పునరుద్ధరించారు. ఈ ఆల్బమ్‌ను కొత్తగా వినదలచినవారు 1980 నాటి ప్రతినో, ఈ 2011 ప్రతినో ఎంచుకోవాలని మనవి.