వాళ్ళు అనుకుంటే లేదు కానీ మనం అంటే తప్పా?

నమస్తే. ర్యాప్ గురించి మాట్లాడితే చాలు, ఎవరో ఒకరు అడుగుతారు: "ఎన్-వర్డ్, అంటే నల్లజాతివాళ్ళను తిట్టే ఆ మాట, వాళ్ళలో వాళ్ళు అనుకుంటే లేదు కానీ, మనం అంటే తప్పొచ్చిందా?" అమెరికాలో చదువుతున్న మన పిల్లలు కూడా ఇదే అడుగుతున్నారు. ఈ ప్రశ్న వింటే నాకు ఒళ్ళు మండుతుంది. జవాబు మన దగ్గరే ఉంది కాబట్టి.

1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగల దండోరా ఉద్యమం మొదలైంది. మంద కృష్ణ తన పేరు పక్కన మాదిగ అని పెట్టుకున్నారు. ఆయన్ని చూసి ఎంతోమంది పెట్టుకున్నారు. అంతవరకూ ఎదుటివాళ్ళు చిన్నచూపుతో అన్న పేరు దర్జాగా సంతకంలోకి వచ్చింది. మరి, పేరులోనే ఉంది కదా అని ఇంకో కులంవాడు బజార్లో నిలబడి అదే పేరుతో తిట్టొచ్చా? 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసవుతుంది. ఇది మనకు ఇట్టే అర్థమవుతుంది. అమెరికా దగ్గరికి వచ్చేసరికి మాత్రం అర్థం కానట్టు మాట్లాడతాం.

అయితే దండోరా పోలిక కొంత దూరమే వస్తుంది. మాదిగ అనేది వాళ్ళ సొంత పేరు, దాన్ని తిట్టుగా మార్చింది ఇతరులు. ఎన్-వర్డ్ అలా కాదు. బానిసలను వేలం వేసినవాళ్ళు, చెట్లకు ఉరితీసిన గుంపులు వాడిన మాట అది. అలాంటిదాన్ని సొంతం చేసుకోవడం అసలు కుదురుతుందా? నల్లజాతివాళ్ళ ఇళ్ళల్లోనే ఈ గొడవ ఉంది. "వాళ్ళందరికీ ఓకే" అనేవాళ్ళకు ఈ సంగతే తెలియదు.

రిచర్డ్ ప్రయర్‌నే తీసుకోండి. గొప్ప కమెడియన్. 1974లో ఆయన తెచ్చిన ఆల్బమ్ పేరులోనే ఆ మాట ఉంది, దానికి గ్రామీ కూడా వచ్చింది. పదే పదే అంటే మాటకున్న విషం విరిగిపోతుందని నమ్మిన మనిషి. 1979లో కెన్యా వెళ్ళాడు. ఒకరోజు హోటల్ లాబీలో కూర్చుని చుట్టూ చూశాడు. ఎటు చూసినా నల్లవాళ్ళే, అన్ని పనుల్లోనూ వాళ్ళే. వచ్చి మూడు వారాలైనా ఆ మాట తన మనసులోకి కూడా రాలేదని అప్పుడు తట్టింది. ఇక జన్మలో అననని 1982లో విడుదలైన స్టేజి షోలో అందరి ముందూ చెప్పేశాడు. నవ్వించడానికి వచ్చినవాడు అలా మాట్లాడటం చూస్తే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

2007లో డెట్రాయిట్‌లో నల్లజాతివాళ్ళ హక్కుల సంస్థ ఎన్ఏఏసీపీ ఆ మాటకు ఏకంగా అంత్యక్రియలే చేసింది. చెక్క శవపేటిక, దాని మీద నల్ల గులాబీలు, బండి లాగడానికి రెండు గుర్రాలు. వెనక జనం నడిచారు.

మాట చచ్చిందా? లేదు. చాలామంది కుర్రాళ్ళు, ర్యాపర్లు ఒప్పుకోలేదు. చివరి అక్షరం మార్చి, పలికే తీరు మార్చి, స్నేహితుణ్ణి పిలుచుకునే మాటగా చేసుకున్నాం, మా నోటి మాటను పాతిపెట్టడానికి మీరెవరని వాళ్ళ వాదన. నాకు వాళ్ళ వాదనా సబబుగానే అనిపిస్తుంది, ప్రయర్ మాటా సబబుగానే అనిపిస్తుంది. అయినా తీర్పు చెప్పడానికి నేనెవర్ని?

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

నల్లవాళ్ళయితే ఎవర్నైనా అనేయొచ్చా? అదీ లేదు. న్యూయార్క్‌లో ఒక ఉద్యోగిని, తనను ఆ మాట అన్నాడని బాస్ మీద వేసిన కేసు 2013లో తీర్పుకొచ్చింది. ఇద్దరూ నల్లవాళ్ళే. ప్రేమతో మందలించానని ఆయన అన్నాడు. జ్యూరీ నమ్మలేదు, ఆమెకు 2,50,000 డాలర్ల పరిహారం ఇమ్మంది.

మరి పాటలోనే ఉంటే? 2018లో అలబామాలో నల్లజాతి ర్యాపర్ కెండ్రిక్ లమార్ ఒక తెల్లజాతి అభిమానిని తనతో పాడమని స్టేజి మీదికి పిలిచాడు. ఆమె ఆ మాటతో సహా పాడేసింది. ఆయన పాట ఆపి, ఆ ఒక్క మాట వదిలేసి పాడమన్నాడు. కాబట్టి కార్లో, పార్టీలో ఆ లైను వచ్చినప్పుడు మీరూ వదిలేయండి, పాటకేం కాదు.

అమెరికాలో నల్లజాతివాళ్ళ పోరాట సంస్థ బ్లాక్ పాంథర్స్‌ను చూసి 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టింది. వచ్చే వీడియోలో వాళ్ళ కథ.