బియ్యం మూటతో కొలవాల్సిన దూరం

(దృశ్యం: మహబూబ్‌నగర్‌లో ఒక కాలనీ. రేషన్ దుకాణం ముందు బియ్యం సంచి నెత్తికెత్తుకుంటున్న మహిళ.)

నమస్కారం. తెలంగాణలో రేషన్ బియ్యం మనిషికి నెలకు 6 కిలోలు. ఇంట్లో నలుగురుంటే 24 కిలోలు. దుకాణం దగ్గరో దూరమో వెళ్లేటప్పుడు కాదు, ఆ మూటతో తిరిగి వచ్చేటప్పుడు తెలుస్తుంది.

(దృశ్యం: కాలనీ పటం. దుకాణం చుట్టూ గీసిన వృత్తం.)

మనిషి గంటకు నాలుగైదు కిలోమీటర్లు నడుస్తాడు. పావుగంటలో నడిచో సైకిల్ మీదో బడి, వైద్యం, సరుకులు అందుకోవాలన్న ‘15 నిమిషాల నగరం’ ఆలోచనను పారిస్‌లోని ప్రొఫెసర్ కార్లోస్ మొరెనో 2016లో ముందుకు తెచ్చారు. పారిస్ దాన్ని అందిపుచ్చుకుంది. మంచి ఆలోచన. అయితే పటం మీద వృత్తం గీస్తే అది పిట్ట ఎగిరే దూరమే అవుతుంది. మహబూబ్‌నగర్‌లో రైలు పట్టాలకు అవతలి దుకాణం కంటికి కనిపిస్తుంది, చేరాలంటే గేటు దాకా చుట్టి వెళ్లాలి. వెంచర్ల ప్రహరీ గోడలూ అలాగే దారి మూస్తాయి. రెండు ప్లాట్ల మధ్య మనిషి, సైకిల్ పట్టేంత సందు వదిలితే ఆ చుట్టు తప్పుతుంది. లేఅవుట్ గీసే రోజున అది ఒక్క గీత. ఇళ్లు లేచాక ఎవరి గోడ కూలుస్తాం?

(దృశ్యం: నల్లగొండలో ఒక బజారు వీధి. కెమెరా నేలకు దగ్గరగా.)

ఇక్కడ ఫుట్‌పాత్ అంటే మోరీ మీది బండలే. వరుసగా చూడండి. రెండు బండలు సమంగా ఉన్నాయి. మూడోది ఒక మూల లేచి ఊగుతోంది. నాలుగోది లేదు. నెత్తిన మూట ఉన్నవాళ్లు తల వంచి కిందికి చూడలేరు. అందుకే ముందుగానే రోడ్డు మీదికి దిగి, లారీల పక్కన నడుస్తారు. ఫుట్‌పాత్ ఉన్నా జనం నడవరని నిందించే ముందు ఆ నాలుగో బండ చోటు చూడాలి.

రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రకారం ఫుట్‌పాత్ మీద అడ్డంకులు లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు, అంటే దాదాపు ఆరడుగులు ఉండాలి. అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు, అంటే అరడుగు దాటకూడదు. స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు పోగా మిగలాల్సిన వెడల్పు అది.

తోపుడుబండ్లను తరిమేస్తే చాలనే మాట నాకు అసలు నచ్చదు. కూరగాయలను గడప దగ్గరికి తెచ్చేది ఆ బండే. వాళ్లకు చోటు చూపించమని 2014 నాటి వీధి వ్యాపారుల చట్టమే చెబుతోంది.

(దృశ్యం: ఆ మహిళ ఇంటి అరుగు మీద మూట దించుతుంది.)

ఈ నెల బియ్యం తెచ్చుకునేటప్పుడు ఎక్కడెక్కడ రోడ్డు మీదికి దిగాల్సి వచ్చిందో రాసుకోండి. ఆ కాగితం మీ వార్డు అధికారికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.